సూదీ దారం, చిన్న దీపం

మనిషి పోయిన ఇంటికి పరామర్శకి వెళ్ళినప్పుడు మనలో చాలామందికి ఏం మాట్లాడాలో తోచదు. "పోయినవాళ్ళు ఎలాగూ తిరిగి రారు, ఉన్నవాళ్ళు ధైర్యం తెచ్చుకోవాలి" అనేసి, ఇచ్చిన కాఫీ తాగి వచ్చేస్తాం. మన దేశంలో అయితే పెద్ద ఖర్మ అయ్యేదాకా ఇంటినిండా చుట్టాలుంటారు. ఇక్కడ నాలుగోనాడే ఆఫీసుకి వెళ్ళాలి. దుఃఖం లోపలే గడ్డకట్టుకుపోతుంది. ఎవరైనా డాక్టరుకి చూపించుకోమంటే "నాకేమైనా పిచ్చా?" అని కోపం. అలాంటి దుఃఖానికి సూదీ దారమూ ఎలా పనికొస్తాయో చెప్పాలని ఈ వ్యాసం.

బొంత మనకి కొత్తది కాదు. మా అమ్మమ్మగారింట్లో పాత నేత చీరలు పొరలుపొరలుగా పరిచి, ఇరుగూ పొరుగూ ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని కుట్టేవారు. చేతులు పనిలో ఉంటే నోళ్ళు ఊరుకోవు కదా! అత్తగారి ఆరళ్ళూ, పురిట్లో పోయిన బిడ్డలూ, ఇంకెక్కడా చెప్పుకోలేని కథలన్నీ అక్కడే బయటికొచ్చేవి. ఎవరూ ఎవరి మొహంలోకీ చూడక్కర్లేదు. కళ్ళు గుడ్డ మీద ఉంటాయి. చెప్పాలనిపిస్తే చెప్పొచ్చు, లేకపోతే కుట్టుకుంటూ కూర్చోవచ్చు. ఈ పద్ధతిలోని కిటుకంతా అదే.

అమెరికాలో ఈ పని ఎంత పెద్ద ఎత్తున జరిగిందో చూడాలంటే ఎయిడ్స్ స్మారక బొంతని తలుచుకోవాలి. 1980లలో ఆ జబ్బుతో పోయినవాళ్ళ పేరెత్తడానికి సొంత కుటుంబాలే సిగ్గుపడ్డాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో క్లీవ్ జోన్స్ అనే ఆయన 1987లో తన స్నేహితుడి పేరు మీద ఒక గుడ్డ కుట్టారు. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అంటే మనిషిని పాతిపెట్టేటంత జాగా. అదే ఏడు అక్టోబరు 11న వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ మీద అలాంటివి 1,920 పరిచారు. ఇప్పుడవి దాదాపు 50,000. మొత్తం బరువు 54 టన్నులు. పరువుకి భయపడి దాచిన పేర్లని తల్లులూ, స్నేహితులూ కలిసి కూర్చుని కుట్టి, నలుగురిలో పెట్టారు.

మనలాగే వలస వచ్చినవాళ్ళు మోంగ్ ప్రజలు. 1975 తరవాత లావోస్ వదిలి, మెకాంగ్ నది దాటి, థాయిలాండ్ శిబిరాల్లో తలదాచుకున్నారు. తరతరాలుగా బట్టల మీద లతలూ ముగ్గులూ కుట్టిన ఆ ఆడవాళ్ళు, అక్కడ విమానాలనీ, సైనికులనీ, నది దాటుతున్న పిల్లలనీ కుట్టడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఎందరో మిన్నెసోటా, విస్కాన్సిన్, కాలిఫోర్నియాలకి వచ్చి స్థిరపడ్డారు. ఇక్కడ పుట్టిన పిల్లలకి తమ కథ చూపించడానికి ఆ గుడ్డలున్నాయి.

జూడిత్ హెర్మన్ అనే మానసిక వైద్యురాలు 1992లో రాసిన పుస్తకంలో, మనసుకి తగిలిన పెద్ద గాయం మూడు దశల్లో మానుతుందంటారు. ముందు భద్రత, తరవాత జరిగింది తలుచుకుని దుఃఖించడం, ఆ పైన మళ్ళీ నలుగురితో కలవడం. కలిసి కుట్టే చోట ఈ మూడిటికీ వీలుంటుంది.

ఇప్పుడు దీపం సంగతి. 1990ల చివర ఎం.ఐ.టి.లో రెహ్మీ పోస్ట్, మ్యాగీ ఆర్త్ అనేవాళ్ళు గుడ్డ మీదే ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు కుట్టారు. అందులో వాళ్ళు వాడినవాటిలో ఒకటి మన దేశపు ఆర్గంజా పట్టు! దాని పేకలో పట్టుదారానికి పల్చటి రాగిరేకు చుట్టి ఉంటుంది, మన జరీ లాగానే. 2007లో లియా బ్యూక్లీ రూపొందించిన లిలీప్యాడ్ అనే చిన్న కంప్యూటరు బిళ్ళ మార్కెట్లోకి వచ్చింది. అంచు చుట్టూ చిల్లులుంటాయి, బొత్తాం కుట్టినట్టు గుడ్డకి కుట్టెయ్యొచ్చు.

ఒకటి రెండు దీపాలకి ఆ బిళ్ళ కూడా అక్కర్లేదు. 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ, చిన్న ఎల్.ఇ.డి. దీపం, వెండి పూతో ఉక్కుపోగులో ఉన్న దారం చాలు. బ్యాటరీ ప్లస్సు నుంచి దీపం ప్లస్సుకి ఒక వరస, మైనస్సు నుంచి మైనస్సుకి ఇంకో వరస మామూలు కుట్టు వెయ్యాలి. రెండు వరసలూ ఎక్కడా తగలకూడదు. కుట్టు వదులైతే దీపం వెలగదు. ఉతికేముందు బ్యాటరీ తీసెయ్యాలి. పసిపిల్లలు మింగితే ప్రాణానికే ప్రమాదం, వాళ్ళకి అందనివ్వకండి.

మా ఊరి లైబ్రరీ గదిలో నెలకో ఆదివారం ఏడెనిమిదిమందిమి కూర్చుంటాం. అందులో ఒకావిడ తండ్రి 2021 మేలో కోవిడ్‌తో పోయారు. ఆ నెల 4 నుంచి ఇండియా ప్రయాణికుల మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. ఆవిడది హెచ్-1 వీసా. వెళ్తే ఎప్పుడు తిరిగి రాగలరో తెలియదు. అంత్యక్రియలు ఫోనులో చూశారు. మాతో మూడు నెలలు ఏమీ మాట్లాడలేదు. ఓనాడు తండ్రిగారి లుంగీ ముక్క తెచ్చి, దాని మీద వాళ్ళ వీధరుగు కుట్టడం మొదలుపెట్టారు. ఆవిడ కాలేజీ నుంచి వచ్చేదాకా ఆయన వీధి లైటు ఆర్పేవారు కాదట. అక్కడ దీపం పెడతానన్నారు. కుట్టారుగానీ, అది వెలగలేదు. వాళ్ళబ్బాయి వచ్చి, దారాలు ఎక్కడ తగులుతున్నాయో వెతికి చూపించాడు. తాతయ్య గురించి వాడు అడిగిందీ, ఆవిడ చెప్పిందీ అప్పుడే.

కుట్టుపని వైద్యం కాదు. నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదనిపించినా డాక్టరుని కలవాలి. 988కి ఏ వేళప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు. కలిసి కుట్టేచోట రెండు నియమాలు మాత్రం తప్పనిసరి. ఎవరినీ "ఏం జరిగింది?" అని గుచ్చి గుచ్చి అడక్కూడదు. అక్కడ విన్నది వాట్సాప్ ఎక్కకూడదు.

మన సంఘాల సభల్లో చీరల దుకాణాలకి ఎలాగూ చోటిస్తాం. ఈసారి ఆ పక్కనే ఒక బల్లా, నాలుగు కుర్చీలూ, కాసిని సూదులూ వేయించండి. పాత చీరలు పట్టుకుని వచ్చేవాళ్ళు వస్తారు.