సూపర్‌ఛార్జర్ మోజు... షెడ్డులో బండి

శుక్రవారం సాయంత్రం ఏడు గంటలు. మైండ్‌స్పేస్ నుంచి బయోడైవర్సిటీ జంక్షన్ దాకా బండ్లన్నీ చీమల బారులా కదులుతుంటాయి. ఆ బారులో ఎక్కడో ఒక హ్యాచ్‌బ్యాక్. బానెట్ కింద నుంచి సన్నగా ఈల వేసినట్టు శబ్దం. స్టీరింగ్ ముందున్న కుర్రాడి చూపు రోడ్డు మీద ఉండదు, అద్దం పక్కన అదనంగా అతికించుకున్న టెంపరేచర్ మీటర్ మీద ఉంటుంది. ఏసీ ఆపేసి ఉంటాడు. మే నెలలో! ఐటీ కారిడార్‌లో రోజూ తిరిగేవాళ్లు ఇలాంటి బండిని ఒక్కసారైనా చూసే ఉంటారు. 'ఏం బ్రదర్, అంత పవర్ పెట్టించుకుని ఏసీ కూడా వేసుకోలేవా?' అని అడగాలనిపిస్తుంది. అడిగితే చెప్పే కథ మాత్రం పెద్దదే.

నిజానికి సూపర్‌ఛార్జర్లు మన దగ్గర వీధికొకటి కనిపించే సరుకు కాదు. షోరూం నుంచే వాటితో వచ్చినవి ఎప్పుడూ ఖరీదైన బండ్లే. పాత మెర్సిడెస్ సి-క్లాస్ వెనక 'కొంప్రెసర్' అని రాసి ఉంటుంది చూడండి, అది ఇదే. రేంజ్ రోవర్ వీ8లోనూ ఉండేది. మామూలు 1.2 లీటర్ల బండికి కూడా పెట్టిస్తే పోలా అన్న ఆశ మాత్రం రీల్స్ పుణ్యమా అని బాగానే పాకింది. కొండాపూర్ ఫ్లాట్‌లో కూర్చుని రాత్రి పన్నెండింటికి వీడియోలు చూస్తుంటే అంతా సులువుగానే అనిపిస్తుంది మరి.

ఇంతకీ అదేం చేస్తుంది? ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా నెడుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోల్ ఎక్కువ మండించొచ్చు, పవర్ పెరుగుతుంది. టర్బో కూడా చేసేది ఆ పనే. కాకపోతే టర్బోను తిప్పేది సైలెన్సర్ వైపు పోయే వేడి గాలి. సూపర్‌ఛార్జర్‌ను తిప్పేది ఇంజినే, బెల్టుతో. అంటే సంపాదించిన దాంట్లో కొంత అదే తినేస్తుంది. బదులుగా కాలు నొక్కిన క్షణమే పికప్ దొరుకుతుంది. మోజంతా ఆ క్షణం మీదే.

ఆ ఫ్యాన్ సంగతి ముందు

మొదటి దెబ్బ తగిలేది ఆన్‌లైన్‌లో. 'ఎలక్ట్రిక్ సూపర్‌ఛార్జర్' అని కొడితే కొన్ని వేల రూపాయలకే దొరుకుతుంది. ఎయిర్ ఫిల్టర్ పైపులో ఇరికించే 12 వోల్టుల చిన్న ఫ్యాన్ అది. బిగించడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు కూడా దండగే. ఎందుకో ఒక చిన్న లెక్క.

1.2 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు దాదాపు 60 లీటర్ల గాలి పీలుస్తుంది. దానికి బూస్ట్ అంటే, అర బార్ ఒత్తిడి అనుకుందాం, దాన్ని నిలబెట్టడానికి సుమారు 5 కిలోవాట్ల శక్తి కావాలి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అంత లాగాలంటే 400 ఆంపియర్లు దాటుతుంది. మామూలు కారు ఆల్టర్నేటర్ ఇచ్చేది వంద, అటూ ఇటూ. ఇక ఆ ఫ్యాన్ తీసుకునేదెంతో దాని వైరు లావు చూస్తేనే తెలిసిపోతుంది. నిజం ఎలక్ట్రిక్ కంప్రెసర్ ఎలా ఉంటుందో చూడాలంటే 2016లో ఆడీ తెచ్చిన ఎస్‌క్యూ7 ఉంది. అందులోని కంప్రెసర్‌కు 7 కిలోవాట్ల దాకా కావాలి. అందుకోసమే కారులో విడిగా 48 వోల్టుల వ్యవస్థ పెట్టారు. ఆడీ ఇంజినీర్లకు అంత అవసరమైన పని, పైపులో ఇరికించిన ఫ్యాన్ చేసేస్తుందా?

పని చేయకపోతే చేయకపోయింది, ఊరుకుంటే సరిపోయేది. అదీ ఊరుకోదు. కాలు గట్టిగా నొక్కినప్పుడు గాలి దారికి ఆ ఫ్యానే అడ్డం. నాసిరకం రెక్క ఒకటి విరిగిందంటే ఫిల్టర్ దాటి లోపలికే పోతుంది. సిలిండర్‌లోకి ప్లాస్టిక్ ముక్క వెళ్తే ఏమవుతుందో మెకానిక్‌ను అడగండి, మొహం చూస్తేనే అర్థమవుతుంది.

అసలు కిట్ పెట్టిస్తే?

ఫ్యాన్ వదిలేసి అసలైన సూపర్‌ఛార్జర్‌కే వెళ్లారనుకుందాం. ఇక్కడే అసలు ముచ్చట. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లకని ప్రత్యేకంగా, పరీక్షించి తయారుచేసిన కిట్లు దాదాపు దొరకవు. అందుకే వేరే కారు నుంచి ఊడదీసిన పాత యూనిట్ తెప్పిస్తారు. పాత మినీ కూపర్ ఎస్‌లోని ఈటన్ ఎం45 ఇలా చేతులు మారే సరుకుల్లో పేరున్నది. మంచిదే, కానీ దాని గేర్లకు విడిగా సొంత ఆయిల్ ఉంటుంది. ఏళ్ల తరబడి ఎవరూ మార్చకపోతే తగ్గిపోతుంది. ఆ మినీలో వాటర్ పంపును కూడా సూపర్‌ఛార్జరే తిప్పుతుంది. ఆయిల్ అయిపోయి లోపలి గేరు అరిగితే పంపు ఆగి ఇంజిన్ వేడెక్కిపోవడం ఆ కార్ల ఓనర్లకు బాగా తెలిసిన జబ్బు. అలాంటి బండి నుంచి తీసిన ముక్క మీ చేతికొస్తే లోపల ఎంత అరిగిందో పైనుంచి కనిపించదు. పైకి మెరిసేలా పాలిష్ మాత్రం చేసి పంపుతారు.

తర్వాత దాన్ని బిగించాలి. మీ ఇంజిన్‌కు దానికి చోటే లేదు కాబట్టి లేత్ షాపులో బ్రాకెట్ చేయిస్తారు. మన లేత్ మేస్త్రీల చేతిపనిని తక్కువ చేయలేం, ఏ డ్రాయింగూ లేకుండా కంటితోనే కొలిచేస్తారు. అయితే బెల్టుకు ఆ కంటి లెక్క చాలదు. పుల్లీలు ఒకే వరసలో లేకపోతే, మిల్లీమీటరో రెండో పక్కకు ఉన్నా బెల్టు అంచు పీచు లేస్తుంది, కీచుమంటుంది, జారుతుంది. జారకుండా టెన్షన్ పెంచితే భారమంతా బేరింగ్ మీద పడుతుంది. ఇంతలో ఆల్టర్నేటర్, ఏసీ కూడా అదే బెల్టు మీద ఉంటే అవి కూడా పడకేస్తాయి. ఓనర్లు మొదటి నెలలో 'కిట్ చెడిపోయింది' అనుకునేది చాలాసార్లు కిట్ కాదు, దాన్ని మోస్తున్న బ్రాకెట్.

ఇవన్నీ దాటితే వేడి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిల్ పంపు కొట్టినవాళ్లకు తెలిసిందే. హైదరాబాద్ ఎండలో 40 డిగ్రీల గాలి, అర బార్ బూస్ట్‌తో మామూలు కంప్రెసర్ దాటేసరికి 100 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. దాన్ని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ పెడతారు. ఇంటర్‌కూలర్‌కు ఎదురుగాలి కావాలి. ఐకియా సిగ్నల్ దగ్గర ఇరవై నిమిషాలు నిలబడ్డ బండికి ఎదురుగాలి ఎక్కడి నుంచి వస్తుంది? నెమ్మదిగా వెళ్లేటప్పుడు బైపాస్ వాల్వ్ తెరుచుకుని బూస్ట్ లేకుండానే నడుస్తుంది, కానీ చుట్టూ ఇనుమంతా పెనంలా కాలుతూ ఉంటుంది. ట్రాఫిక్ విడిపోగానే ఫ్లైఓవర్ ఎక్కుతూ కసిగా నొక్కుతారు. సరిగ్గా ఆ క్షణంలో కాలిన గాలి సిలిండర్‌లోకి వెళ్తుంది.

నేటి చిన్న పెట్రోల్ ఇంజిన్లు చాలావాటిలో కంప్రెషన్ రేషియో 11 చుట్టుపక్కల ఉంటుంది. మైలేజీ కోసం కంపెనీ అలా చేసింది. అందులోకి పైనుంచి బూస్ట్, ఆ పైన వేడి. స్పార్క్ పడకముందో, పడిన వెంటనేనో ఒక మూల పెట్రోల్ దానంతటదే పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. డబ్బాలో గోలీలు ఊపినట్టు టకటక శబ్దం. కొన్నాళ్లకు పిస్టన్ అంచు విరుగుతుంది లేదా హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఇక అప్పుడు ఇంజిన్ దింపాల్సిందే.

పెట్రోల్ సంగతి కూడా ఉంది. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌కు నాకింగ్‌ను తట్టుకునే గుణం ఎక్కువే, అది మంచి విషయం. కాకపోతే శుద్ధమైన పెట్రోల్ ఒక కిలో మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి దాదాపు 13.5 చాలు. అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలన్నమాట. మామూలుగా నడిపేటప్పుడు కారు కంప్యూటర్ సెన్సర్ చూసి సర్దుకుంటుంది. కాలు పూర్తిగా నొక్కినప్పుడు చాలా బండ్లు ముందే రాసిపెట్టిన పట్టికను నమ్ముకుంటాయి. ఎక్కడో విదేశంలో, వేరే పెట్రోల్‌తో, చల్లటి వాతావరణంలో రాసిన ట్యూన్ ఫైల్‌ను ఈమెయిల్‌లో తెప్పించి ఎక్కిస్తే, అది మాదాపూర్ మధ్యాహ్నాన్ని ఊహించి రాసింది కాదు.

ఇది కొత్త గోల కాదు. 1920ల చివర్లో ఇంగ్లండ్‌లో టిమ్ బిర్కిన్ అనే రేసర్ బెంట్లీ కార్లకు సూపర్‌ఛార్జర్ పెట్టాలని పట్టుబట్టాడు. కంపెనీ స్థాపకుడు డబ్ల్యూ.ఓ. బెంట్లీకి అది సుతరామూ ఇష్టం లేదు, ఇంజిన్ పెద్దది చేసుకుందాం, ఊదడం ఎందుకన్నది ఆయన పద్ధతి. బిర్కిన్ డొరొతీ పాగెట్ అనే సంపన్నురాలి డబ్బుతో విడిగా వర్క్‌షాప్ పెట్టి మరీ చేయించాడు. 1930 లె మాన్ 24 గంటల రేసులో ఆ 'బ్లోయర్' బెంట్లీలు వేగంలో అదరగొట్టాయి, చివరిదాకా మాత్రం ఒక్కటీ నిలవలేదు. గెలిచింది, రెండో స్థానంలో వచ్చింది సూపర్‌ఛార్జర్ లేని బెంట్లీ స్పీడ్ సిక్స్‌లే. అయినా నేటికీ పోస్టర్ల మీద ఉండేది బ్లోయరే అనుకోండి. మోజు అలాంటిది.

పోతే ఎవరు కడతారు?

బిర్కిన్‌కు పాగెట్ ఉంది. మీకున్నది ఈఎంఐ. కిట్ వల్ల ఇంజిన్ పోయిందంటే కంపెనీ వారంటీ చేతులెత్తేస్తుంది. ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారా? మామూలు కారు పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్ మినహాయింపుల్లోనే ఉంటుంది, మార్పులు చేసినా చేయకపోయినా. ఇక యాక్సిడెంట్ అయితే చెప్పకుండా చేసిన మార్పును సర్వేయర్ బానెట్ ఎత్తగానే చూస్తాడు. మీ బండి క్లెయిమ్‌కు పేచీ అక్కడే మొదలవుతుంది.

చట్టం విషయానికొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు ఆర్సీలోని వివరాలు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ఓనర్ పేరు చెప్పి మరీ శిక్ష రాసింది. అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. బిగించిన షెడ్డువాడు ఎక్కడున్నాడో తెలియదు, ఆర్సీ మీద పేరు మీది.

షెడ్డువాడి మీద కేసు వేయొచ్చా? వేయొచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు, రెండేళ్లలోపు. చెల్లించిన మొత్తం ఐదు లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి చూడొచ్చు. చిక్కల్లా బిల్లు దగ్గర. ఇలాంటి పనులకు సగం డబ్బు క్యాష్, సగం యూపీఐ, బిల్లు మీద 'సర్వీస్ ఛార్జ్' అని ఒక్క ముక్క. ఏం బిగించారో, ఏ నంబర్ యూనిట్టో, ఎన్నాళ్ల గ్యారంటీయో కాగితం మీద లేకపోతే కమిషన్ ముందు ఏం చూపిస్తారు? వాట్సాప్ చాట్ అయినా డిలీట్ చేయకండి.

ఇంత ఖర్చు, ఇంత రిస్కు పెట్టి కొన్న పికప్‌ను వాడేదెక్కడ అన్నది ఇంకో ప్రశ్న. బయోడైవర్సిటీ రెండో లెవెల్ ఫ్లైఓవర్ 2019 నవంబరు 4న తెరిచారు. అదే నెల 23న వంద దాటిన వేగంతో వచ్చిన కారొకటి పైనుంచి కింద రోడ్డు మీద పడింది. కింద నిలబడి ఉన్న మహిళ ఒకరు చనిపోయారు. ఆ కారుకు మార్పులు చేశారని కాదు, ఆ మలుపుకు అంత వేగం పనికిరాదని. నిపుణుల పరిశీలన తర్వాత 2020 జనవరిలో మళ్లీ తెరిచినప్పుడు అక్కడ వేగపరిమితి 40. అవుటర్ మీద గరిష్ఠ పరిమితి 2023లో 100 నుంచి 120కి పెంచారు. ఆ 120 ఏ మామూలు హ్యాచ్‌బ్యాకైనా అందుకుంటుంది.

పికప్ నిజంగానే కావాలంటే కంపెనీయే టర్బో పెట్టి ఇస్తున్న బండ్లున్నాయి. హ్యుందయ్ ఐ20 ఎన్ లైన్ లీటర్ ఇంజిన్‌తోనే 120 పీఎస్ ఇస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5 టర్బో 150. పిస్టన్లు, కూలింగ్, క్లచ్ అన్నీ దానికి తగ్గట్టే ఉంటాయి, వారంటీ కూడా. కిట్‌కు, రిపేర్లకు పోసే లక్షలు ఆ తేడాకు పెడితే సరిపోతుంది.

చివరగా సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఒక మాట. ఈ కారిడార్‌లో ఆన్‌సైట్ వచ్చిందనో, వీసా వచ్చిందనో బండ్లు హడావుడిగా అమ్ముడుపోతుంటాయి. సూపర్‌ఛార్జర్ పెట్టి వేధించుకుని, తీసేసి, మామూలు బండిలా అమ్మేసేవాళ్లు ఉండకపోరు. బానెట్ ఎత్తి టార్చి వేసి చూడండి. బెల్టు వైపు ఇంజిన్ బ్లాక్ మీద వాడని బోల్టు రంధ్రాలు, కోసి మళ్లీ అతికిన వైర్లు, కంపెనీవి కాని హోస్ క్లిప్పులు, చుట్టూ పాతవై మధ్యలో ఒక్కటే కొత్త ఇంటేక్ పైపు కనిపిస్తే అడగండి. పేరున్న సర్వీస్ సెంటర్‌లో కంప్రెషన్ టెస్ట్ చేయించమనండి, గంట పని. ఏదైనా ఒక సిలిండర్ రీడింగ్ మిగతా వాటికంటే బాగా తక్కువ వస్తే అడ్వాన్స్ ఇవ్వకండి. అమ్మేవాడు 'టెస్టులెందుకు బ్రదర్, బండి సూపర్' అన్నా సరే.