క్యాన్సర్ వైద్యంలో జన్యు ఆధారిత జీవౌషధాలు: కార్-టి కణచికిత్స – ఒక పరిశీలన

కీలక పదాలు: క్యాన్సర్, జన్యుచికిత్స, టి-కణాలు, సీడీ19, కీమోథెరపీ.

1. ఉపోద్ఘాతం:
శస్త్రచికిత్స, రేడియేషన్, కీమోథెరపీ క్యాన్సర్ వైద్యానికి దీర్ఘకాలంగా మూలాధారాలు. కీమోథెరపీ మందులు వేగంగా విభజన చెందే కణాలపై పనిచేస్తాయి. అందువల్ల క్యాన్సర్ కణాలతో పాటు ఎముకమజ్జలోను, జీర్ణనాళపు లోపొరలోను ఉండే ఆరోగ్యవంతమైన కణాలు కూడా దెబ్బతింటాయి. వ్యాధికణాన్ని మాత్రమే గుర్తించి నశింపజేయాలన్న అన్వేషణ జన్యు ఆధారిత జీవౌషధాలకు దారితీసింది. వీటిలో ప్రధానమైన కార్-టి కణచికిత్స సంప్రదాయ వైద్యానికి ప్రత్యామ్నాయం కాగలదా అన్నది ఈ వ్యాసంలో పరిశీలించే అంశం.

2. చికిత్సా విధానం:
రోగి రక్తం నుండి టి-కణాలను వేరుచేసి, ప్రయోగశాలలో వైరస్ వాహకం ద్వారా వాటిలోకి ఒక కొత్త జన్యువును చేరుస్తారు. ఆ జన్యువు వల్ల టి-కణం ఉపరితలంపై కృత్రిమ గ్రాహకం ఏర్పడుతుంది. దాని వెలుపలి భాగం బి-కణాలపై ఉండే సీడీ19 ప్రోటీన్‌ను గుర్తిస్తుంది. లోపలి భాగం టి-కణాన్ని దాడికి ప్రేరేపిస్తుంది. ఇలా మార్చిన కణాలను వృద్ధిచేసి తిరిగి రోగికి ఎక్కిస్తారు. అంతకుముందు కొద్దిరోజులు సాధారణంగా ఫ్లూడరాబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమోథెరపీ మందులు ఇచ్చి, రోగిలోని లింఫోసైట్లను తగ్గిస్తారు. కొత్త కణాలు శరీరంలో నిలదొక్కుకోవడానికి ఇది అవసరం. అంటే నూతన చికిత్స పాత చికిత్స సహాయంతోనే ప్రారంభమవుతోంది.

3. ఫలితాలు – పరిమితులు:
అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017 ఆగస్టులో తొలి కార్-టి ఔషధం కిమ్రియాను అనుమతించింది. ఇతర చికిత్సలకు లొంగని లేదా తిరగబెట్టిన రక్తక్యాన్సర్‌తో బాధపడుతున్న 75 మంది పిల్లలు, యువకులపై జరిగిన అధ్యయనంలో 81 శాతం మందికి మూడు నెలలలోపు వ్యాధి ఉపశమించింది. అయితే సంవత్సరం తరువాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు సుమారు సగం మందే. సీడీ19 లేని క్యాన్సర్ కణాలు మిగిలిపోవడం ఇందుకొక కారణం.

సైటోకైన్లు అధికంగా విడుదలై తీవ్రజ్వరం, రక్తపోటు పడిపోవడం, నాడీ సంబంధ సమస్యలు ప్రధాన దుష్ప్రభావాలు. ఆరోగ్యవంతమైన బి-కణాలు కూడా నశించడం వల్ల అంటువ్యాధుల ముప్పు పెరుగుతుంది. ఘనకణితులలో మేలైన లక్ష్యప్రోటీన్ దొరకడం, టి-కణాలు కణితి లోపలికి చొరబడడం ఇంకా కష్టసాధ్యాలే.

4. భారతదేశంలో:
ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ సెంటర్, ఇమ్యునోయాక్ట్ కృషితో రూపొందిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి లభించింది. అమెరికాలో కిమ్రియా తొలి ధర 4,75,000 డాలర్లు కాగా, దేశీయ ఔషధం అందులో సుమారు పదోవంతుకు లభిస్తోంది. ఆ పదోవంతు కూడా సామాన్య కుటుంబానికి భారమే. పైగా ఇది కూడా ఇతర చికిత్సలు విఫలమైన వారికి ఉద్దేశించినదే.

5. ముగింపు:
2022 నుండి అమెరికాలో కొన్ని లింఫోమాలకు తొలి చికిత్స విఫలమైన వెంటనే కార్-టిని అనుమతిస్తున్నారు. అక్కడ అది అధికమోతాదు కీమోథెరపీకి, మూలకణ మార్పిడికి నిజమైన ప్రత్యామ్నాయం. మిగిలిన అనేక సందర్భాలలో అది సంప్రదాయ వైద్యానికి కొనసాగింపు మాత్రమే. ఈ భేదాన్ని గుర్తించక ‘ప్రత్యామ్నాయం’ అన్న మాటను విరివిగా వాడితే, సంప్రదాయ చికిత్సతో నయమయ్యే దశలో ఉన్న రోగి దానిని వాయిదా వేసుకునే ప్రమాదం ఉంది. కనుక ఏ వ్యాధికి, ఏ దశలో, ఏ చికిత్సకు బదులుగా అన్నది స్పష్టం చేసిన తరువాతనే ఆ పదాన్ని ప్రయోగించడం సముచితం.