కిలోమీటరు దూరంలో సర్కారు బడి ఉంటే చాలా?

2024 వేసవిలో మహారాష్ట్ర ప్రభుత్వం పేద పిల్లల కోసం చూపించిన ఉచిత సీట్లు ఒక్కసారిగా లక్ష నుంచి 8.8 లక్షలకు పెరిగాయి. దరఖాస్తులు మాత్రం పడిపోయాయి. అంతకు ముందు ఏడాది లక్ష సీట్లకు 3.6 లక్షల మంది పోటీ పడ్డారు. ఈసారి దాదాపు తొమ్మిది లక్షల సీట్లు ఉన్నా మే రెండో వారానికి 70 వేల దరఖాస్తులు కూడా రాలేదు.

కారణం ఆ ఏడాది ఫిబ్రవరి 9న వచ్చిన ఒక నోటిఫికేషన్. విద్యాహక్కు చట్టంలోని సెక్షన్ 12(1)(సి) ప్రకారం ప్రైవేటు అన్‌ఎయిడెడ్ బడులు ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లను పరిసర ప్రాంతంలోని బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. మహారాష్ట్ర తన నియమాలను సవరించి, కిలోమీటరు లోపల ప్రభుత్వ బడిగానీ ఎయిడెడ్ బడిగానీ ఉంటే అక్కడి ప్రైవేటు బడికి ఈ బాధ్యత ఉండదని చెప్పింది. నగరాల్లో సర్కారు బడి లేని కిలోమీటరును వెతికి పట్టుకోవడం కష్టం. అందుకే పోర్టల్‌లో జిల్లా పరిషత్, మునిసిపల్ బడులు బారులు తీరాయి. ఎలాగూ ఉచితంగా చేర్చుకునే బడిలో సీటు కోసం ఆన్‌లైన్ దరఖాస్తు, లాటరీ ఎందుకని తల్లిదండ్రులు అటువైపే చూడలేదు.

ఈ ఆలోచన మహారాష్ట్రది కాదు. కర్ణాటక 2018 చివర్లోనే ఇలాంటి సవరణ చేసింది. 2019లో అక్కడి హైకోర్టు దాన్ని సమర్థించింది కూడా. దగ్గర్లో సొంత బడి ఉండగా, అదే పిల్లవాడి కోసం ప్రైవేటు బడికి ఫీజు కట్టడం ప్రజాధనం వృథా కాదా అన్నది రెండు రాష్ట్రాల వాదన. పిల్లల సంఖ్య తగ్గి మూతపడే దశకు చేరిన ప్రభుత్వ బడులను చూసినవారికి ఈ ప్రశ్న కొట్టిపారేయదగ్గదిగా అనిపించదు.

బొంబాయి హైకోర్టు మాత్రం ఒప్పుకోలేదు. మే 6న సవరణపై స్టే ఇచ్చింది, జులై 19న దాన్ని కొట్టేసింది. చట్టంలో లేని షరతును నియమం రూపంలో చేర్చడం కుదరదన్నది తీర్పు సారాంశం. పరిసరాల్లో బడి ఏర్పాటు చేయడం ప్రభుత్వ బాధ్యత, పావు వంతు సీట్లివ్వడం ప్రైవేటు బడి బాధ్యత. ఒకటి నెరవేరిందని రెండోది రద్దు కాదు. ఆ సీట్లలో ఈలోగా ఇతరులను చేర్చుకున్న బడులుంటే, ఆ పిల్లలను కదిలించకుండా అవసరమైతే సీట్లు పెంచి అయినా 25 శాతం నింపాలని చెప్పింది. ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ తీర్పులో జోక్యానికి నిరాకరించింది. పేద పిల్లలతో కలిసి చదివితే సంపన్నుల పిల్లలకు కూడా దేశం అంటే ఏమిటో తెలుస్తుందన్న అర్థంలో ధర్మాసనం వ్యాఖ్యానించింది.

స్టే తర్వాత పాత పద్ధతిలో పోర్టల్ మళ్లీ తెరిస్తే కొద్ది వారాల్లోనే లక్షా ఐదు వేల సీట్లకు 2.4 లక్షల దరఖాస్తులు వచ్చాయి. తల్లిదండ్రులు ఏం కోరుకుంటున్నారో చెప్పడానికి ఇంతకు మించిన సర్వే అక్కర్లేదు.

కలిసి చదవడం వల్ల నిజంగా ఏమైనా మారుతుందా? ఢిల్లీలో ఇలాంటి కోటా 2007 నుంచే ఉంది. అక్కడి ఖరీదైన బడులపై ఆర్థికవేత్త గౌతమ్ రావు చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. పేద సహాధ్యాయులున్న తరగతుల్లో సంపన్న పిల్లల్లో ఉదారత పెరిగింది, పేదల పట్ల వివక్ష తగ్గింది. చదువులో కలిగిన నష్టం స్వల్పం. తరగతి గదిలో క్రమశిక్షణ కాస్త సడలిందని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. తమ పిల్లల మార్కులు పడిపోతాయని భయపడే ఫీజు కట్టే తల్లిదండ్రులు ఈ లెక్కను పూర్తిగా చదవడం మంచిది.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. ప్రభుత్వం ఒక్కో విద్యార్థిపై తాను పెట్టే ఖర్చు, బడి వసూలు చేసే ఫీజు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది బడికి చెల్లించాలని చట్టం చెబుతోంది. మహారాష్ట్ర ఇటీవలి ఏళ్లలో దీన్ని ఏడాదికి 17,670 రూపాయలుగా ఖరారు చేసింది. పుణెలో 60 వేలు వసూలు చేసే బడికి ఇది మూడో వంతు కూడా కాదు. ఆ సొమ్మైనా వేళకు రాదు. ఏళ్ల తరబడి పేరుకున్న బకాయిల గురించి బడుల సంఘాలు ప్రతి ప్రవేశాల కాలంలోనూ హెచ్చరికలు జారీ చేస్తూనే ఉన్నాయి. పెద్ద కార్పొరేట్ బడులు ఈ భారాన్ని మోయగలవు. వీధి చివర రెండంతస్తుల ఇంట్లో నడిచే చిన్న ఇంగ్లీషు మీడియం బడికి మాత్రం అది టీచర్ల జీతం. 25 శాతం భారాన్ని దించుకోవాలని బడులకు ఎంత ఉందో, బకాయిల భారం నుంచి బయటపడాలని ప్రభుత్వానికీ అంతే ఉండి ఉంటుంది. ఫిబ్రవరి నోటిఫికేషన్ ఇద్దరికీ పనికొచ్చేదే. (ఆంధ్రప్రదేశ్‌లోనైతే చట్టం అమల్లోకి వచ్చిన పన్నెండేళ్లకు, 2022-23లో గానీ ఈ ప్రవేశాలు మొదలుకాలేదు.)

సీటు దక్కిన కుటుంబాల ఖర్చు కూడా సున్నా కాదు. పాఠ్యపుస్తకాలు, యూనిఫారం ఉచితమని నియమాలు అంటున్నా బస్సు, విహారయాత్ర, వార్షికోత్సవం దుస్తులు లాంటివి ఏ నియమంలోనూ కనిపించవు. మైనారిటీ సంస్థల బడులను సుప్రీంకోర్టు 2014లో ఈ చట్టం నుంచి మినహాయించింది కాబట్టి, పేరున్న కొన్ని పాత బడుల తలుపులు ఎలాగూ తెరుచుకోవు.

అన్నిటికంటే గట్టి దెబ్బ ఎనిమిదో తరగతి దాటాక తగులుతుంది. చట్టం రక్షణ అక్కడితో ఆగుతుంది. ఒకటో తరగతిలో లాటరీ తగిలి చేరిన పిల్ల ఎనిమిదేళ్లు అదే బడిలో, అదే స్నేహితుల మధ్య చదివి తొమ్మిదిలోకి అడుగుపెట్టే సరికి పూర్తి ఫీజు కట్టమనే నోటీసు వస్తుంది. ఏడాదికి లక్ష రూపాయల లోపు ఆదాయమని ధ్రువపత్రం చూపించి ఆ సీటు తెచ్చుకున్న కుటుంబాలూ వీటిలో ఉంటాయి. పదో తరగతి రెండేళ్ల దూరంలో ఉండగా వారు పిల్లను మునిసిపల్ బడికి మార్చాలా, అప్పు చేయాలా అన్నది బొంబాయి హైకోర్టు ముందుకు వచ్చిన ప్రశ్న కాదు.