లెక్కల నుండి అచ్చుపుటకు

ఒక గ్రంథాలయపు వార్షిక నివేదికను తలచుకొందము. ఏ పుస్తకమును ఎవరు ఎన్నడు కొనిపోయిరో వేయి పంక్తులలో వ్రాసి యున్నది. వానిని కూడి, పట్టికలుగా తీర్చి, అచ్చునకు సిద్ధపరుపవలెను. చేతితో చేసినచో ఒక్క పంక్తి మారినంతనే మొత్తములన్నియు మరల దిద్దవలసివచ్చును. ఈ పనిని కంప్యూటరుచే చేయించు విధమును గూర్చి ముచ్చటింతము.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో, 1971లోనే పేటెంటు శాఖవారు తమ దరఖాస్తులను పొందికగా టైపు చేయించుటకు యూనిక్స్ వ్యవస్థను వాడిరి. పిమ్మట జోసెఫ్ ఒస్సానా ఫోటో అచ్చుయంత్రమునకై ‘ట్రాఫ్’ను రచించెను. 1977లో ఆహో, వైన్‌బర్గర్, కర్నిహాన్ అను మువ్వురు తమ పేర్ల మొదటి అక్షరములను కూర్చి ‘ఆక్’ అను చిన్న భాషను కల్పించిరి. అందు వ్రాసిన ఆజ్ఞల వరుసయే స్క్రిప్టు. అది పద్దులను చదివి, మొత్తములు కట్టి, “ఇది శీర్షిక, ఇది పట్టిక” అను గుర్తులతో పంపును. ట్రాఫ్ ఆ గుర్తులను బట్టి అక్షరములను పుటపై నిలుపును. పద్దు మారినచో స్క్రిప్టును మరల నడపిన చాలును. పుటలను ఎవరును ముట్టనక్కరలేదు. ఈ పని విభజనయే ఇందలి గొప్పతనమని మా అభిప్రాయము.

అదే 1977లో ఆచార్య డొనాల్డ్ కనూత్, తన గ్రంథపు ప్రూఫులలోని అక్షరముల వికారమును సహింపలేక, ‘టెక్’ నిర్మాణమునకు పూనుకొనెను. పేరా మొత్తమును ఒక్కసారిగా చూచి పంక్తులను విరుచుట దీని నేర్పు.

కాని టెక్‌తో ఒక ప్రమాదము కలదు. శాతపు గుర్తు దాని దృష్టిలో వ్యాఖ్యకు ఆరంభము. ఆ పంక్తిలో తరువాతిదంతయు విడిచిపెట్టును. “చదువరులు 50% పెరిగిరి, కాని స్త్రీలు తగ్గిరి” అని స్క్రిప్టు పంపినచో, అచ్చులో “చదువరులు 50” మాత్రమే మిగులును. యంత్రము నోరెత్తదు! స్త్రీల సంగతి సభ్యులకు తెలియనే తెలియదు. గుర్తునకు ముందు వెనుకకు వాలిన గీత నుంచినచో అది మామూలు అక్షరమగును. ఆ గీతను మనుష్యుల జ్ఞాపకమునకు విడువక, స్క్రిప్టుచేతనే చేర్పింపవలెను.

తెలుగునకు మరియొక చిక్కుండెను. మొదటి టెక్‌లో ఒక ఫాంటునకు 256 రూపములకు మించి ఇమడవు. మన గుణింతములకు, ఒత్తులకు అది ఏమూలకు? 2004లో జోనథన్ క్యూ వెలువరించిన ‘జీటెక్’ యూనికోడును నేరుగా చదివి, ఫాంటులోని నియమముల ననుసరించి ఒత్తులను చేర్చును.

ఈ పనికి పూనుకొనువారు మొదట పది పంక్తులతో ఒక పుట అచ్చువేసి చూచుకొనవలెను. ఆ పదింటిలో శాతపు గుర్తు ఒకటి, ‘రాష్ట్రము’ వంటి మాట ఒకటి తప్పక ఉండనిండు.