సత్య నాదెళ్ల కూడా కౌలు రైతేనా? ఏఐ, క్లౌడ్ వెనకున్న అద్దె కథ

ఈ ఎపిసోడ్ మా కారంపూడి ఇంట్లోంచే రికార్డ్ చేస్తున్నా. మధ్యలో కోళ్ళ అరుపులు వినపడితే సర్దుకోండి.

మొన్న టీవీలో మైక్రోసాఫ్ట్, ఓపెన్‌ఏఐ అని ఏదో వార్త వస్తుంటే మా బాబాయ్ అడిగాడు. "ఏరా, ఆ నాదెళ్ల సత్య మనోడే కదా. అంత పెద్ద కంపెనీ, అంత డబ్బు. ఆ ఏఐ ఏందో వాళ్ళే చేసుకోక ఇంకోళ్ళ దగ్గర తీసుకోవటం ఏంది?" బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం చేసి కూడా టక్కున చెప్పలేకపోయా. కాసేపాగి నేనే ఎదురడిగా. "బాబాయ్, ఆ మూడెకరాలు నువ్వు కౌలుకెందుకు తీసుకున్నావ్?"

"కొనటానికి డబ్బుల్లేక."

"డబ్బుంటే?"

"ఉన్నా అమ్మేవాడు దొరకాలిగా. బోరు పడాలిగా. ఇవన్నీ అయ్యేసరికి ఈ ఏడు మిర్చి నాటే అదును పోద్ది."

అంతే అండి, సమాధానం ఆయనే చెప్పేశాడు. పెద్ద కంపెనీలు బయటివాళ్ళ మీద ఆధారపడేది డబ్బు లేక కాదు, అదును దాటిపోతుందని. ఒక పెద్ద ఏఐ మోడల్ తయారు చేయాలంటే వేల కొద్దీ జీపీయూ చిప్స్ కావాలి. అవి నడవటానికి కరెంటు, చల్లబరచటానికి ఏర్పాట్లు, ఆ పని తెలిసిన మనుషులు కావాలి. మనుషులు చాలా తక్కువమంది, వాళ్ళేమో ఎక్కడో ఒకచోట ముందే చేరిపోయి ఉంటారు.

2019లో మైక్రోసాఫ్ట్ ఓపెన్‌ఏఐలో 100 కోట్ల డాలర్లు పెట్టింది. ఓపెన్‌ఏఐ దగ్గర మనుషులున్నారు, కంప్యూటర్లు లేవు. మైక్రోసాఫ్ట్ దగ్గర అజూర్ అనే క్లౌడ్ ఉంది, అలాంటి మోడల్ లేదు. అంటే ఇక్కడ కౌలు రెండు వైపులా ఉంది. ఒకరి పొలం, ఇంకొకరి విత్తనం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది, కొన్ని నెలల్లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని బింగ్‌లో, ఆఫీస్‌లో పెట్టేసింది. పంట బ్రహ్మాండంగా పండింది.

అప్పుడొచ్చింది 2023 నవంబరు 17. ఓపెన్‌ఏఐ బోర్డు తమ సీఈఓ శామ్ ఆల్ట్‌మన్‌ని తీసేసింది. అన్ని వేల కోట్లు పెట్టిన మైక్రోసాఫ్ట్‌కి ఆ సంగతి తెలిసింది ప్రకటనకి కాస్త ముందు మాత్రమే! ఆ బోర్డులో వాళ్ళకి సీటు కూడా లేదు. అయిదు రోజుల్లో ఆల్ట్‌మన్ తిరిగొచ్చాడు, అది వేరే సంగతి. కానీ నాదెళ్ల తర్వాత ఏం చేశాడో చూడండి. 2024 మార్చిలో ముస్తఫా సులేమాన్‌ని తీసుకొచ్చి మైక్రోసాఫ్ట్ ఏఐ అని సొంత విభాగం పెట్టాడు. 2025 ఆగస్టులో వాళ్ళ సొంత మోడల్ ఎంఏఐ-1 ప్రివ్యూ బయటికొచ్చింది. అవతలివాళ్ళూ ఊరుకోలేదు. 2025 అక్టోబరులో కొత్త ఒప్పందం రాసుకున్నారు. ఓపెన్‌ఏఐ అజూర్ సేవలు 25,000 కోట్ల డాలర్ల మేర కొంటానంది, బదులుగా కంప్యూటర్ల కోసం ముందు మైక్రోసాఫ్ట్‌నే అడగాలన్న షరతు పోయింది. వారం తిరక్కుండానే అమెజాన్‌తో 3,800 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. విడిపోలేదు, అలాగని ఒక్కరినే నమ్ముకుని కూడా లేరు.

సరే, వాళ్ళ స్థాయిలో బేరాలాడుకుంటారు. బేరమాడే శక్తి లేనివాళ్ళ సంగతేంటి?

నయారా ఎనర్జీ తెలుసు కదా, పెట్రోలు బంకులు. గుజరాత్‌లోని వాడినార్‌లో పెద్ద రిఫైనరీ ఉంది. అందులో రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌కి వాటా ఉందని 2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టింది. ఆ వెంటనే నయారా ఉద్యోగులకి మైక్రోసాఫ్ట్ ఈమెయిల్, టీమ్స్ ఆగిపోయాయి. కంపెనీ మన దేశంలో, ఉద్యోగులు మన దేశంలో, లైసెన్సులకి డబ్బు కట్టేశారు, ఆ ఆంక్షలు మన చట్టం కూడా కాదు. ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాల్సొచ్చింది. ఈలోపు రెడిఫ్ మెయిల్‌కి మారారు. అవునండి, మన చిన్నప్పటి రెడిఫే! నెలాఖరుకి మైక్రోసాఫ్ట్ సేవలు మళ్ళీ ఇచ్చేసింది. కానీ స్విచ్ ఎవరి చేతిలో ఉందో అందరికీ అర్థమైపోయింది.

నేనిది ఎందుకు చెప్తున్నానంటే, ఇప్పుడు మనవైపు డేటా సెంటర్ల హడావిడి నడుస్తోంది. హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ రీజియన్ 2022 నవంబరు నుంచే ఉంది. విశాఖలో గూగుల్ అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది. అందులో గూగుల్ కూడా ఒంటరిగా రావట్లేదు. అదానీకనెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు. విశాఖకి అది రావటం మంచిదే, నేను కాదనను. కానీ "సర్వర్ మన రాష్ట్రంలో ఉంది కాబట్టి డేటా మన చేతిలో ఉంది" అని కొంతమంది అంటుంటారు. అదీ ఇదీ ఒకటి కాదు. పొలం మా ఊళ్ళోనే ఉన్నా పట్టాదారు అమెరికాలో ఉంటే, వచ్చే ఏడు ఎవరికివ్వాలో చెప్పేది ఆయనే కదా.

ఇక నా సొంత కథ. ఇది కొంచెం ఇబ్బందిగానే చెప్తున్నా.

నేనూ ఒక ఫ్రెండూ కలిసి మిర్చి రైతుల కోసం చిన్న యాప్ చేశాం. రైతు మాట్లాడితే విని, తెగులేంటో, ఏం చేయాలో చెప్తుంది. లోపల మాది ఏమీ లేదు, ఒక కంపెనీ మోడల్‌ని అద్దెకి వాడుకున్నాం. మన పల్నాడు మాటలు దానికి అర్థమయ్యేలా నెలల తరబడి సూచనలు రాశాం. మిర్చిలో పై ముడత, కింది ముడత అని రెండుంటాయి. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉంటే నల్లి. దేని మందు దానిదే.

ఒకరోజు మెయిల్ వచ్చింది. ఆ మోడల్ ఫలానా తేదీ తర్వాత ఉండదు, కొత్తది వాడుకోండి అని. కోడ్‌లో పేరు మార్చాం, నడిచింది, సంతోషం. కొత్త మోడల్ ఇంగ్లీషులో ఇంకా తెలివైనదే. కానీ ఆ రెండు ముడతల్నీ కలిపేసి "ఆకు ముడత" అనేసింది. బాబాయ్ తన చేలో పై ముడతకి నల్లి మందు కొట్టాడు. మందు ఖర్చు పోయింది, కూలీ పోయింది, వారంలో పురుగు పక్క సాళ్ళకి పాకింది. ఆయన నన్ను ఒక్కమాట కూడా అనలేదు. "మిషన్ కదరా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

తప్పు ఆ కంపెనీది అనలేను, తేదీ ముందే చెప్పింది. మార్చాక సరిచూసుకోకపోవటం మాది. ఇప్పుడేం చేశామంటే, రైతులు నిజంగా అడిగిన అరవై ప్రశ్నలు, వాటి సరైన జవాబులు ఒక ఫైల్‌లో పెట్టుకున్నాం. మోడల్ మారినప్పుడల్లా ముందు ఆ పరీక్ష పాసవ్వాలి. మందుల పేర్లు మోడల్ చెప్పదు, మా సొంత పట్టికలోంచే వస్తాయి. రైతుల ప్రశ్నలన్నీ ప్రతి వారం మా హార్డ్‌డిస్క్‌లోకి దించుకుంటాం. క్లౌడ్‌లోకి డేటా ఎక్కించటానికి మామూలుగా డబ్బు తీసుకోరు, బయటికి తీసేటప్పుడే బిల్లు పడేది. 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ పూర్తిగా వెళ్ళిపోయేవాళ్ళకి ఆ చార్జీ ఎత్తేశాయి, రోజూ తీసుకునేవాళ్ళకి మామూలే. మాది చిన్న డేటా కాబట్టి పెద్ద భారం కాలేదు.

ఇంతా చేసి ఇప్పటికీ మేం అద్దె మోడలే వాడుతున్నాం. మా దగ్గర జీపీయూలు లేవు, వచ్చే ఖరీఫ్ కూడా ఆగదు. ఇంకో కంపెనీ మోడల్‌ని మాత్రం పక్కన సిద్ధంగా పెట్టుకున్నాం, నెలకోసారి దాంతో కూడా ఆ పరీక్ష రాయిస్తున్నాం. పోయిన నెల దానికి అరవైలో నలభై ఏడు వచ్చాయి.

ఆ ప్రశ్నల ఫైల్ లింకు కింద పెడుతున్నా. మిర్చి వేసేవాళ్ళు ఒకసారి చూసి, జవాబుల్లో తప్పులుంటే చెప్పండి. బాబాయ్ ఇప్పటికే రెండు పట్టుకున్నాడు. ఉంటాను.