చేప పొలుసు చెత్త కాదు

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ గోల్ బజార్‌లో శీలావతినో బొచ్చెనో కొంటే, అమ్మేవాడు ముందు పొలుసు గీకి, తర్వాత ముక్కలు కోస్తాడు. ముక్కలు మన సంచిలోకి, పొలుసులు పేగులూ మొప్పలతో కలిసి చెత్తకుప్పలోకి. అదే ఊరి ఐఐటీలో ఫాల్గుణి పాటి, బాసుదామ్ అధికారి, శాంతను ధారా సరిగ్గా ఈ రెండు చేపల పొలుసుల నుంచే కొల్లాజెన్ తీశారు. దాని గుణాలను 2010లో ఒక అంతర్జాతీయ పత్రికలో ప్రకటించారు.

చర్మానికీ ఎముకకూ బిగువునిచ్చే ప్రొటీన్ కొల్లాజెన్. మూడు పాయల జడలా మూడు గొలుసులు పెనవేసుకుని ఉంటాయి. వేడి తగిలితే జడ విడిపోయి జెలటిన్ అవుతుంది. రాత్రి మిగిలిన చేపల పులుసు చల్లారాక జెల్లీలా పేరుకునేది అందుకే.

పొలుసులో ఈ కొల్లాజెన్ పొరలు పొరలుగా ఉంటుంది. వాటి మధ్య ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజమే పట్టి ఉంటుంది. కడిగిన పొలుసును వెనిగర్‌లో నానబెట్టి చూడండి. ఖనిజం కరిగేకొద్దీ గట్టి పొలుసు మెత్తబడి వేలికి చుట్టుకుంటుంది. మిగిలిందాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెనే. ప్రయోగశాలలోనూ దారి ఇదే: ఉప్పునీటితో ఇతర ప్రొటీన్లను కడగడం, ఖనిజాన్ని తీసేయడం, ఎసిటిక్ ఆమ్లంలో కొల్లాజెన్‌ను కరిగించి, ఉప్పు వేసి విడదీయడం. జడ విడిపోకుండా పనంతా చలిలోనే సాగాలి.

చల్లని సముద్రాల్లో బతికే కాడ్ చేప కొల్లాజెన్ సుమారు 15 డిగ్రీల సెల్సియస్‌కే విడిపోతుంది. శీలావతి, బొచ్చె పొలుసులది సుమారు 36 డిగ్రీల దాకా నిలిచింది. పశువుల కొల్లాజెన్‌కు ఇది దగ్గర. వెచ్చని నీటి చేపల్లో హైడ్రాక్సీప్రొలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండి జడను బిగించి పట్టుకుంటుంది. అంటే మన ఎండలకు కాగే చెరువులే ఈ ముడిసరుకుకు మేలు చేస్తున్నాయి. బెంగాల్‌కు వచ్చే చేపల్లో కొల్లేరు చుట్టుపక్కల చెరువులవీ చాలానే ఉన్నాయి కాబట్టి, ఈ సంగతి ఆంధ్ర రైతులకూ చెందినదే.

జెలటిన్ ఎక్కువగా పందుల, పశువుల చర్మాల నుంచీ ఎముకల నుంచీ వస్తుంది. మతాచారం వల్ల వాటిని ముట్టని వాళ్లకు చేప జెలటిన్ దారి చూపుతుంది. గాయాలపై పరిచే పొరలకూ, కణాలను పెంచే ఆధారాలకూ చేప కొల్లాజెన్‌ను రసాయనికంగా మరింత బిగించి వాడవచ్చు. చేపలు పడనివాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. కొల్లాజెన్ పొడి తాగితే అది నేరుగా చర్మంలోకి చేరుతుందనుకోకూడదు. జీర్ణమై అమైనో ఆమ్లాలుగా, చిన్న పెప్టైడ్లుగా విడిపోతుంది.

ఇంత విలువైన పొలుసు కుప్పలో పేగులతో కలిస్తే గంటల్లో కుళ్లుతుంది. మళ్లీ ఏరి శుభ్రం చేయడానికయ్యే ఖర్చు లాభాన్ని మింగేస్తుంది. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో తలలూ పెంకులూ ఒకేచోట పోగవుతాయి కనుకనే వాటి నుంచి కైటోసాన్ అనే పదార్థం తీసే పరిశ్రమ నిలదొక్కుకుంది. చేపల బజారులో ఆ పోగు చేసే ఏర్పాటే లేదు. కోసేచోట పొలుసుకు వేరే డబ్బా, కడగడానికి నీళ్లు, ఆరబెట్టడానికి అరుగు, వారానికోసారి వచ్చి తూకం వేసి డబ్బిచ్చే కొనుగోలుదారు: మున్సిపాలిటీలు ముందు ఇవి సమకూర్చాలి. ఆ డబ్బులో మొదటి వాటా పొలుసు గీకే చేతులకే దక్కాలి.