పెరట్లో ఆయిల్ మార్పు... మరక పడకుండా!

మామిడికాయల రోజులొస్తే మైలవరం వైపు మోటారు సైకిలుకి తీరికుండదు. పొద్దున తోటకి, మధ్యాహ్నం నున్న మార్కెట్‌కి! ఆదివారం శ్రీవారు "ఆయిల్ ఇంట్లోనే మార్చేస్తా" అన్నారంటే మీ గుండెల్లో రాయి పడుతుంది కదూ? కంగారు పడకండి, దగ్గరుండి ఇలా చేయించండి.

* చదునైన చోట సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ రెండు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చని ఆయిల్ పూర్తిగా దిగుతుంది.

* కింద గోనెపట్టా, పైన పాత పేపర్లు పరిచి, వెడల్పాటి పాత బేసిన్ పెట్టండి. అది మళ్లీ వంటింట్లోకి రాకూడదు సుమా!

* ఆయిల్ మొత్తం కారాక డ్రెయిన్ బోల్టు వాషర్‌తో సహా బిగించాలి. ఫిల్టర్ ఉన్న బండికి కొత్తది వేసి, రబ్బరు రింగుకి కాస్త కొత్త ఆయిల్ రాయాలి.

* స్ప్లెండర్‌కి సుమారు 900 మి.లీ. పడుతుంది. మీ బండి కొలత పుస్తకంలో చూడండి. గరాటుతో పోస్తే ఒలకదు.

* నేలమీద చుక్కలు పడితే నీళ్లు పోయకండి, మరక పాకుతుంది. రంపపు పొట్టు చల్లి ఊడ్చేయండి. చేతులకి శనగపిండి, సబ్బు చాలు.

అన్నిటికంటే ముఖ్యం, పాత ఆయిల్‌ని మామిడిచెట్టు మొదట్లోనో, కాల్వలోనో పోయనివ్వకండి. ఒక్క లీటరు 10 లక్షల లీటర్ల మంచినీటిని పాడుచేయగలదు! కొత్త ఆయిల్ డబ్బాలోనే పోసి, మూత బిగించి, పాత ఆయిల్ తీసుకునే మెకానిక్ షెడ్డుకి ఇప్పించండి. మన బావి నీళ్లు తాగేది మన పిల్లలే కదండీ!